సైటులో మనుషుల అవసరాన్ని ఎక్సెల్ చార్టులో చూపడం: మొత్తం సరిపోతోంది, పని మాత్రం ఆగుతోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడ శివారులో కడుతున్న ఒక నివాస సముదాయానికి నేను ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మొత్తం మూడు బ్లాకులు, ఒక్కో బ్లాకులో స్టిల్టు (స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది భాగం) మీద ఐదు అంతస్తులు ఉన్నాయి. షెడ్యూలు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో తయారుచేసి, ఏ పనికి ఏ పనివారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని గంటలు అన్న వివరాలను ఎక్సెల్‌లోకి తెచ్చుకుని, ప్రతి సోమవారం జరిగే సమావేశంలో దాని ఆధారంగా గీసిన చార్టును చూపిస్తున్నాను.

చార్టు నెలవారీగా ఉంటుంది. సెంట్రింగ్ వారు (కాంక్రీటు పోయడానికి అచ్చు పలకలు కట్టేవారు), రాడ్ బెండింగ్ వారు (ఇనుప కడ్డీలు వంచి కట్టేవారు), తాపీ వారు అనే మూడు రంగులు ఒకదాని మీద ఒకటిగా పేర్చిన నిలువు పట్టీలు, వాటి పైన మా దగ్గర ఉన్న మొత్తం 54 మందిని సూచించే అడ్డగీత. ఈ 54 మందిలో సెంట్రింగ్‌కు 18 మంది, రాడ్ బెండింగ్‌కు 14 మంది, తాపీ పనికి 22 మంది. రాబోయే నవంబరు నెలతో సహా ఏ నెలలోనూ పట్టీ ఆ గీతను దాటడం లేదు. అయినా సెంట్రింగ్ మేస్త్రీ గారు వారం వారం మనుషులు చాలడం లేదని చెబుతూనే ఉన్నారు. ఆయన మాట నిజమేనని కళ్లారా చూస్తున్నాను, ఎందుకంటే బీముల అడుగు పలకలు సిద్ధం కాక రాడ్ బెండింగ్ వారు మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చున్న రోజులు ఈ నెలలోనే నాలుగైదు ఉన్నాయి. చార్టు చూపించి సరిపోతారని నేను చెప్పడం, సైటు చూపించి చాలరని ఆయన చెప్పడం, ఇద్దరి మధ్య మా మేనేజరు గారు ఏ మాట నమ్మాలో తెలియక నిలబడడం జరుగుతోంది.

దీన్ని వారాలవారీగా గీద్దామని ప్రయత్నిస్తే మూడు చిక్కులు వచ్చాయి. గంటల నిలువు వరుసను, షరతులకు సరిపోయే సంఖ్యలను మాత్రమే కూడే సమ్‌ఇఫ్స్ ఫంక్షన్‌తో కూడితే సున్నా వస్తోంది. వారాల తేదీలను అడుగు అక్షం మీద పెడితే పట్టీలు సూదుల్లా సన్నబడి, మధ్యలో పెద్ద ఖాళీలు మిగులుతున్నాయి. పివట్ చార్టు (ఎక్సెల్ తానే కూడి తయారుచేసే సారాంశ పట్టిక నుంచి గీసే చార్టు) మీద అందుబాటులో ఉన్న మనుషుల గీతను వేయబోతే, ఆ గీతకు వేరే షీటులోని సంఖ్యలను తీసుకోనివ్వడం లేదు. దయచేసి దారి చూపగలరు.

జవాబు 1

మీ మూడు చిక్కుల కన్నా ముందు మీ చార్టు గురించి ఒక మాట చెప్పాలి. మీరు, మేస్త్రీ గారు చెబుతున్నవి రెండూ నిజమే, కానీ అవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. 54 మంది అనే గీత ఒక ఊహ మీద నిలబడి ఉంది. రాడ్ బెండింగ్‌లో ఖాళీగా ఉన్న మనిషి వెళ్లి సెంట్రింగ్ చేయగలడన్నది ఆ ఊహ. సైటులో అది జరగదు. ఒకరి పనిలోకి మరొకరు వెళ్లలేనప్పుడు వారిని ఒకే పట్టీలో కూడడం వల్ల ఒక చోటి మిగులు మరో చోటి కొరతను కప్పేస్తుంది.

అంకెలతో చూద్దాం. ఉపాధి హామీ లెక్కల్లో మాదిరిగానే ఒక మనిషి ఒక రోజు చేసే పనిని ఒక పనిదినం అనుకుందాం. ఆదివారం సెలవు పోగా వారానికి ఆరు రోజులు కనుక మీ దగ్గర సెంట్రింగ్‌కు 108, రాడ్ బెండింగ్‌కు 84, తాపీ పనికి 132, మొత్తం 324 పనిదినాలు ఉన్నాయి. ఒకానొక వారంలో సెంట్రింగ్‌కు 141, రాడ్ బెండింగ్‌కు 52, తాపీ పనికి 105 పనిదినాలు కావలసి వచ్చాయనుకోండి. మొత్తం 298. మీ చార్టులో ఆ వారం ఇంకా 26 పనిదినాలు చేతిలో మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ సెంట్రింగ్‌లో 33 పనిదినాల కొరత ఉంది, అంటే ఆ ఆరు రోజులూ రోజుకు ఐదారుగురు తక్కువ. మీ మేస్త్రీ గారు చెబుతున్నది ఈ ఐదారుగురి గురించే.

పేర్చిన పట్టీలలో మరో ఇబ్బంది కూడా ఉంది. అన్నిటికన్నా అడుగున ఉన్న రంగు మాత్రమే సున్నా గీత మీద నిలబడుతుంది. దాని పైనున్నవి వారం వారం వేర్వేరు ఎత్తుల్లో మొదలవుతాయి కనుక అవి పెరిగాయా తరిగాయా అన్నది కంటితో పోల్చడం చాలా కష్టం. మీరు సెంట్రింగ్‌ను మధ్య రంగుగా పెట్టి ఉంటే దాని ఎగుడుదిగుళ్లు ఎవరికీ కనిపించి ఉండవు.

అందువల్ల మూడు పనులకు మూడు చిన్న చార్టులు గీయండి. ఒక్కో దానిలో వారం వారం అవసరాన్ని పట్టీలుగా, ఆ పనివారి లభ్యతను మాత్రమే గీతగా వేసి, మూడింటినీ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటిగా, వారాలు ఒకే నిలువులో వచ్చేలా అమర్చండి. ఇక్కడ మరిచిపోకూడని విషయం ఒకటుంది. నిలువు అక్షం గరిష్ఠ విలువను ఎక్సెల్‌కు వదిలేయకుండా మూడింటికీ ఒకటే, ఉదాహరణకు 150, మీరే నిర్ణయించండి. వదిలేస్తే ఎక్సెల్ ఒక్కో చార్టును దాని సంఖ్యలకు తగ్గట్టు సాగదీస్తుంది కనుక 52 పనిదినాల పట్టీకీ, 141 పనిదినాల పట్టీకీ ఎత్తులో ఉన్న తేడా అసలుకన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది.

పివట్ చార్టు సంగతికి వస్తే, అది తన పివట్ పట్టికలో ఉన్నదాన్ని మాత్రమే గీస్తుంది, బయటి సంఖ్యలను దాని మీద వేయడం కుదరదు. కనుక దాన్ని పక్కనపెట్టి, ఒక మామూలు షీటులో అడ్డువరుసకు ఒక వారం చొప్పున, ప్రతి పనికీ అవసరం, లభ్యత అని రెండేసి నిలువు వరుసలు పెట్టుకుని, సమ్‌ఇఫ్స్‌తో నింపి, కాంబో చార్టు గీయండి. అవసరానికి పట్టీ, లభ్యతకు గీత ఎంచుకోవచ్చు.

సూదుల్లాంటి పట్టీలకు కారణం అడుగు అక్షం. అక్కడ తేదీలు ఉన్నాయని గ్రహించిన ఎక్సెల్ దాన్ని తేదీల అక్షంగా భావించి ప్రతి రోజుకూ ఒక చోటు కేటాయిస్తుంది. మీ దగ్గర సోమవారాలు మాత్రమే ఉన్నాయి కనుక ఒక చోట పట్టీ, ఆరు చోట్ల ఖాళీ. ఆ అక్షం మీద కుడి నొక్కు నొక్కి, ఫార్మాట్ యాక్సిస్‌లో టెక్స్ట్ యాక్సిస్‌ను ఎంచుకుంటే పట్టీలు మామూలు వెడల్పుకు వస్తాయి.

జవాబు 2

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, సంఖ్యల శుద్ధి గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ దశలో జరిగిన పొరపాటు చార్టులో కనిపించదు. చార్టు చక్కగానే ఉంటుంది, తప్పును చక్కగా చూపిస్తుంది.

సమ్‌ఇఫ్స్ సున్నా ఇవ్వడానికి కారణం, ప్రాజెక్ట్ నుంచి వచ్చిన గంటలు సంఖ్యలుగా కాక అక్షరాలుగా రావడం. గడిలో 640 అన్న అంకె వెనుక ఒక ఖాళీ, ఆ తరువాత గంటలను సూచించే ఆంగ్ల పొట్టిమాట ఉండి ఉంటాయి. సంఖ్య అయితే గడిలో కుడివైపుకు, అక్షరాలైతే ఎడమవైపుకు జరిగి ఉంటాయి కనుక ఒక్క చూపులో తెలిసిపోతుంది. లెఫ్ట్, ఫైండ్ ఫంక్షన్లతో ఆ ఖాళీ దాకా ఉన్న భాగాన్ని కత్తిరించి, వాల్యూ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చి, 8తో భాగిస్తే పనిదినాలు వస్తాయి. పొట్టిమాటను తొలగించే పద్ధతి కన్నా ఇది మేలు, ఎందుకంటే ఒక్క గంట ఉన్న చోట ఆ పొట్టిమాట ఏకవచనంలో వేరుగా ఉంటుంది.

తేదీలను కూడా ఒకసారి పరిశీలించండి. కంప్యూటరు ప్రాంతీయ అమరిక అమెరికా పద్ధతిలో ఉండి, ఫైలులోని తేదీలు మన పద్ధతిలో రోజు ముందు, నెల తరువాత ఉంటే, 13వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్నవి అక్షరాలుగానే మిగిలిపోతాయి. వాటిని పట్టుకోవడం సులువు. అసలు ప్రమాదం 1 నుంచి 12 వరకు ఉన్న తేదీలతో వస్తుంది. నవంబరు 6 కాస్తా నిశ్శబ్దంగా జూన్ 11 అయిపోతుంది, ఆ పని మీ నవంబరు చార్టు నుంచి మాయమవుతుంది. టెక్స్ట్ టు కాలమ్స్‌లో తేదీ క్రమం రోజు, నెల, సంవత్సరం అని చెప్పి మార్చుకుంటే ఈ బెడద పోతుంది. ఇంకొకటి, ప్రాజెక్ట్ తేదీలలో గడియారపు సమయం కూడా దాగి ఉంటుంది. ఎక్సెల్ తేదీని రోజుల సంఖ్యగా, సమయాన్ని దాని వెనుక భిన్నంగా దాచుకుంటుంది. 2025 నవంబరు 11 సాయంత్రం ఐదు గంటలు ఎక్సెల్‌కు 45972.708. ఆ తేదీని వట్టి నవంబరు 11తో, అంటే 45972తో సమానమా అని పోలిస్తే కాదనే చెబుతుంది. ఇంట్ ఫంక్షన్‌తో ఆ భిన్నాన్ని తీసేయండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. పనిని అది మొదలైన వారంలోనే మొత్తంగా వేయకూడదు, జరిగే వారాలన్నిటికీ పంచాలి. రెండో బ్లాకు మూడో అంతస్తు స్లాబు సెంట్రింగ్ నవంబరు 6 గురువారం మొదలై 11 మంగళవారం ముగుస్తుందని, 16 మంది చేస్తారని అనుకుందాం. మధ్యలో 9వ తేదీ ఆదివారం పోగా పని జరిగే రోజులు ఐదు, మొత్తం 80 పనిదినాలు. ఇందులో గురు, శుక్ర, శనివారాల 48 పనిదినాలు నవంబరు 3తో మొదలయ్యే వారానికీ, సోమ, మంగళవారాల 32 పనిదినాలు 10వ తేదీతో మొదలయ్యే వారానికీ చెందాలి. మొదలైన తేదీని బట్టి కూడితే 80 పనిదినాలూ మొదటి వారంలో పడి లేని శిఖరాన్ని చూపిస్తాయి, తరువాతి వారం లేని తీరికను చూపిస్తుంది.

ఈ పంపకానికి, రెండు తేదీల మధ్య సెలవులు పోగా పని రోజులెన్నో లెక్కించే నెట్‌వర్క్‌డేస్.ఇంటల్ అనే ఫంక్షన్ సరిగ్గా సరిపోతుంది. ఇది ఎక్సెల్ 2010 నుంచి ఉంది. పని మొదలయ్యే తేదీ, వారం మొదటి తేదీ, ఈ రెండింటిలో ఏది తరువాతిదో దాన్ని ప్రారంభంగానూ, పని ముగిసే తేదీ, వారం చివరి తేదీ, ఈ రెండింటిలో ఏది ముందుదో దాన్ని ముగింపుగానూ ఇవ్వాలి. మూడో విలువగా 11 ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవుగా లెక్కిస్తుంది. నాలుగో విలువగా పండుగ సెలవుల జాబితాను ఇవ్వవచ్చు. పనికీ వారానికీ సంబంధమే లేనప్పుడు ప్రారంభం ముగింపు కన్నా తరువాత వస్తుంది, అప్పుడు ఈ ఫంక్షన్ సున్నా ఇవ్వదు, రుణ సంఖ్య ఇస్తుంది. దాన్ని మ్యాక్స్ ఫంక్షన్‌లో సున్నాతో కలిపి చుట్టకపోతే మొత్తాలన్నీ దెబ్బతింటాయి. ఇలా వచ్చిన రోజులను ఆ పని మొత్తం రోజులతో భాగించి, మొత్తం పనిదినాలతో గుణిస్తే ఆ వారం వాటా వస్తుంది. సరిచూసుకోవడానికి ప్రతి పనికీ వారాల వాటాలన్నీ కూడి మొత్తంతో పోల్చే ఒక నిలువు వరుసను తప్పకుండా పెట్టండి.

ఇదంతా పని రోజూ ఒకే తీరుగా సాగుతుందన్న లెక్క మీద నడుస్తుంది. మీరు ప్రాజెక్ట్‌లో గంటలను రోజువారీగా ఎక్కువ తక్కువలుగా వేసి ఉంటే ఈ సూత్రం చాలదు, రిసోర్స్ యూసేజ్ వ్యూలో రోజువారీగా పరచి ఉన్న గంటలనే తెచ్చుకోవాలి. ప్రాజెక్ట్‌లో మీ క్యాలెండరు ఏదో కూడా చూడండి. అది ముందే ఇచ్చే స్టాండర్డ్ క్యాలెండరులో శనివారం కూడా సెలవే. అక్కడ ఐదు రోజుల వారం, ఇక్కడ ఆరు రోజుల వారం నడిస్తే తేదీలే పొసగవు.

జవాబు 3

నేను గుత్తేదారుల బిల్లులు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. లభ్యత గీత గురించి మాత్రం చెబుతాను.

పై ఇద్దరూ అవసరం లెక్కను సరిచేశారు. కానీ 18 మంది సెంట్రింగ్ వారు అన్న అంకె మీకు ఎక్కడిది? ఒప్పందం కాగితం మీదిదైతే దాన్ని గీతగా వేయడానికి తొందరపడకండి. గత ఆరు వారాల మస్టరు (హాజరు పుస్తకం) తెరిచి, రోజుకు ఎందరు హాజరయ్యారో పనివారీగా సగటు తీయండి. ఒప్పందం గీతను సన్నగా, మస్టరు గీతను ముదురుగా రెండూ వేయండి. ఆ రెండింటి మధ్య దూరం మీ మేనేజరు గారు మేస్త్రీతో మాట్లాడవలసిన విషయం. మస్టరు గీతకూ పట్టీకీ మధ్య దూరం మీరు షెడ్యూలులో సర్దవలసిన విషయం. ఈ రెండింటినీ కలిపితే ఎవరి బాధ్యత ఏదో తేలదు.

ఆ గీత ఏడాది పొడవునా ఒకే ఎత్తులో కూడా ఉండదు. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవారు కనుమ మర్నాడే వచ్చేస్తారని షెడ్యూలులో రాసుకోవచ్చు, కానీ సైటు మళ్లీ నిండడానికి ఇంకో వారం పడుతుందని మనందరికీ తెలుసు. వరినాట్ల రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారు తగ్గిపోతారు. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినవారైతే వారి పండుగలు వేరు, రైలు టిక్కెట్లు దొరికిన రోజు వేరు. కనుక లభ్యతను ఒక్క సంఖ్యగా కాక వారానికొక సంఖ్యగా షీటులో రాసుకోండి.

అలా రాసినప్పుడు గీత ఒక వారం మధ్య నుంచి మరో వారం మధ్యకు ఏటవాలుగా జారుతుంది, మనుషులు రోజుకొకరు చొప్పున తగ్గుతున్నట్టు అనిపిస్తుంది. ఆ వరుసకు గీతను తీసేసి, గుర్తుగా చిన్న అడ్డగీతను ఎంచుకుని దాని పరిమాణం పెంచితే ప్రతి పట్టీ మీద దాని హద్దు విడివిడిగా నిలుస్తుంది. ఇంకా మస్టరు రాని వారాల గడులను ఖాళీ అక్షరాలు ఇచ్చే సూత్రంతో నింపకండి, ఎక్సెల్ వాటిని సున్నాగా గీస్తుంది. ఎన్‌ఏ ఫంక్షన్ పెడితే అక్కడ ఏ గుర్తూ పడదు.

జవాబు 4

మా కార్యాలయంలో ఎక్సెల్ లేదు, ఇదే పనిని లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో చేస్తున్నాను. పైన చెప్పిన ఫంక్షన్లన్నీ అందులో అవే పేర్లతో ఉన్నాయి. చార్టు రకాలలో కాలమ్ అండ్ లైన్ ఎంచుకుని, గీతల సంఖ్య రెండు అని చెబితే చివరి రెండు నిలువు వరుసలు గీతలుగా మారతాయి, కనుక ఒప్పందం, మస్టరు వరుసలను పట్టికలో చివర పెట్టుకోండి. కొత్త వారాలు చేర్చినప్పుడు చార్టు పరిధిని మనమే పెంచుకోవలసి వస్తుంది. నేనైతే ముందే ఏడాది వారాలన్నీ రాసి ఉంచుకుంటాను.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు రోజులు కూర్చుని అంతా మళ్లీ చేశాను, ఫలితం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

సెంట్రింగ్‌కు నవంబరు 3, 10, 17, 24 తేదీలతో మొదలయ్యే వారాల్లో కావలసినవి వరుసగా 96, 88, 141, 64 పనిదినాలని తేలింది. మొదటి జవాబులో ఉదాహరణకు తీసుకున్న 141 యాదృచ్ఛికంగా మా 17వ తేదీ వారానికి అచ్చంగా సరిపోవడం చూసి ఆశ్చర్యపోయాను. నాలుగు వారాల మొత్తం 389, ఒప్పందం ప్రకారం లభ్యత 432. అంటే పనివారిని విడదీసినా నెలవారీగా గీసి ఉంటే కొరత అప్పుడు కూడా కనిపించేది కాదు. వారం వారం గీసినందువల్లే కనిపించింది.

మస్టరు తెరిచి చూస్తే రాడ్ బెండింగ్ వారు, తాపీ వారు ఒప్పందం మేరకే వస్తున్నారు, సెంట్రింగ్‌లో మాత్రం సగటున 16 మందే వస్తున్నారు. కనుక అసలు హద్దు 108 కాదు, 96. ఆ లెక్కన 17వ తేదీ వారంలో కొరత 45 పనిదినాలు. ఈ చార్టు సోమవారం సమావేశంలో పెట్టినప్పుడు మేస్త్రీ గారు చాలాసేపు దాన్నే చూసి, తాను చెబుతున్నది ఇదేనని అన్నారు. చార్టు మీద ఆయన మాట్లాడడం అదే మొదటిసారి. మూడో బ్లాకు రెండో అంతస్తు సెంట్రింగ్‌కు తొమ్మిది రోజుల వెసులుబాటు ఉన్నందున దాని 36 పనిదినాలను తరువాతి వారానికి జరిపాం. ఇప్పుడు ఆ రెండు వారాలు 105, 100 అయ్యాయి. ఒప్పందంలోని 18 మందినీ ఆ రెండు వారాలూ తప్పకుండా తెస్తానని మేస్త్రీ గారు మాట ఇచ్చారు కనుక 108 హద్దులోపలే ఉన్నాం. ఇంకా ఏమైనా వదిలేశానా అన్నది చూసి చెప్పగలరు.

జవాబు 5

వదిలేశారు, కానీ మనుషుల లెక్కలో కాదు, సామాను లెక్కలో. సెంట్రింగ్ పనికి మనుషులు ఉండి, పలకలు, ప్రాపులు (పలకలను కింది నుంచి మోసే నిలువు ఆధారాలు) లేకపోతే పని అంతే ఆగుతుంది. మీ షీటులో దాని ఊసు లేదు.

సామానును పనిదినాల్లా లెక్కించకూడదు. మనిషి పని ముగియగానే మరో చోటికి వెళ్తాడు, ప్రాపు వెళ్లలేదు. పై ఉదాహరణలోని రెండో బ్లాకు స్లాబునే తీసుకోండి. సెంట్రింగ్ నవంబరు 6న మొదలై 11న ముగిసింది. తరువాత మూడు రోజులు రాడ్ బెండింగ్ సాగి, 15వ తేదీ శనివారం కాంక్రీటు పోశారనుకుందాం. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి, తగినట్టు తడుపుతూ, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడు, 4.5 మీటర్ల దాకా స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింది ప్రాపులను కనీసం 7 రోజులు, అంతకు మించిన స్పాన్ అయితే 14 రోజులు ఉంచాలి. ఇతర సిమెంట్లకు ఈ గడువును తగినట్టు మార్చుకోవాలి. మీది చిన్న స్పానే అనుకున్నా 22వ తేదీ శనివారం దింపడం మొదలై, ఆదివారం పోగా 24 సోమవారానికి పూర్తవుతుంది. మనుషుల చార్టులో ఐదు రోజులుగా కనిపించిన పని సామాను చార్టులో 19 రోజులు. ప్రాపులకు ఆదివారం సెలవు లేదు కనుక ఇక్కడ నెట్‌వర్క్‌డేస్ వాడకూడదు, వట్టి క్యాలెండరు రోజులే లెక్క.

దీనికి చార్టు వేరేగా ఉండాలి. ఒక్కో స్లాబుకు సామాను ఎక్కిన తేదీ, దిగిన తేదీ రాసుకుని, రోజువారీ వరుసలో కౌంట్‌ఇఫ్స్ ఫంక్షన్‌తో ఆ రోజుకు ముందో ఆ రోజునో ఎక్కి, ఆ రోజునో ఆ తరువాతో దిగే స్లాబులు ఎన్నో లెక్కపెట్టండి. పట్టీల మధ్య ఖాళీని సున్నా చేస్తే మెట్లుమెట్లుగా ఒక ఆకారం వస్తుంది, దాని మీద మీ దగ్గర ఉన్న సెట్ల (ఒక స్లాబుకు సరిపడే పలకలు, ప్రాపులు కలిపి ఒక సెట్టు) సంఖ్యను గీతగా వేయండి.

ఇంకొక ప్రశ్న. దింపే పనిని మీ షెడ్యూలులో విడిగా రాశారా? చాలామంది రాయరు. దింపేది కూడా అదే సెంట్రింగ్ వారు, అదే వారంలో.

ప్రశ్న అడిగినవారి మాట

రాయలేదు. ఈ ఉదయం చేర్చాను. 17వ తేదీ వారంలోనూ, 24వ తేదీ వారంలోనూ దింపడానికి ఆరేసి పనిదినాలు పడుతున్నాయి. కనుక అవి 111, 106 అయ్యాయి, మొదటి వారం 108 హద్దును మూడు పనిదినాల మేర దాటుతోంది. ఆ మూడింటినీ అదనపు గంటలతో పూర్తిచేయడానికి మేస్త్రీ గారు ఒప్పుకున్నారు, దానికి అయ్యే కూలీని ముందే మంజూరు చేయించాను.

సామాను చార్టు మాత్రం నన్ను నిజంగా కలవరపెట్టింది. మా దగ్గర ఒక్కో బ్లాకు అంతస్తుకు సరిపడే సెట్లు రెండే ఉన్నాయి. మూడు స్లాబుల కింద ఒకేసారి సామాను ఉండవలసిన రోజులు నవంబరు చివరి పదిహేను రోజుల్లో ఆరు వచ్చాయి. మనుషులందరూ హాజరై ఉన్నా ఆ ఆరు రోజులూ మూడో బ్లాకులో పలక ఎక్కేది కాదు. మరో సెట్టును నెలరోజులకు అద్దెకు తీసుకునే విషయమై మేనేజరు గారు ఈ మధ్యాహ్నమే ధరలు అడిగించారు. మెట్ల చార్టును ఇకపై మనుషుల చార్టుల కిందే, అదే పేజీలో ముద్రించి సైటు ఆఫీసు గోడకు అంటిస్తున్నాం.